రాలిపోయేలా అతికించడం

గోళ్లకు వేసే అక్రిలిక్ పూత. చేపల తొట్టి అద్దాలు అతికే సిలికోన్ జిగురు. సముద్రంలో మునిగేవాళ్లు తొడుక్కునే నియోప్రీన్ దుస్తుల్లోంచి కత్తిరించిన రెండు మూడు ముక్కలు. వీటిలో మొదటి రెండూ బెజవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఒక గంట తిరిగితే సంచిలో పడతాయి. వీటికి తోడు తొమ్మిదిన్నర గ్రాముల బరువున్న చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి. ఇంత సామానుతో, దశాబ్దాలుగా తేలని ఒక ప్రశ్నకు జవాబు దొరకడం మొదలైంది. ఒడ్డు నుంచి నీళ్లలోకి దిగిన తాబేలు పిల్ల, పెద్దదై మళ్లీ మన కంటబడేదాకా ఎక్కడ బతుకుతుంది?

ఆ జవాబుకంటే కూడా దాన్ని రాబట్టిన చేతిపని గురించి చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. పాటకు శ్రుతి పెట్టేవాళ్లనీ, అంటు కట్టేవాళ్లనీ మెచ్చుకున్నట్టే ఈ పనివాళ్లనీ మెచ్చుకోవాలి.

మాది కంకిపాడు. బందరు రోడ్డు మీద పెరిగిన మాకు సముద్రమంటే మంగినపూడి, తాబేలంటే కాలవ గట్టున తల ముడుచుకునే మంచినీటి తాబేలు. సముద్రపు తాబేలు పిల్లను చూడాలంటే దివిసీమ చివరిదాకా వెళ్లాలి. ఉయ్యూరు, చల్లపల్లి, అవనిగడ్డ దాటి నాగాయలంక చేరి, అక్కణ్నుంచి పడవెక్కితే మడ అడవుల మధ్య కృష్ణ పాయలు పాయలుగా సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. ఆ ఇసుక దిబ్బల మీదికి ఏటా సుమారు జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తల్లులు రాత్రిపూట వచ్చి గుడ్లు పెట్టి పోతాయి. ఒడిశాలోని గహిర్‌మఠ, ఋషికుల్య తీరాల్లో లాగా వేలకు వేలు ఒకే రాత్రి రావు. ఇక్కడ ఒకటీ అరా వస్తాయి. అందుకే ఇక్కడ కాపలాపని మరింత కష్టం. ఏ రాత్రి ఏ దిబ్బ మీదికి వస్తుందో తెలియదు కాబట్టి తీరమంతా నడవాల్సిందే.

అటవీశాఖ గుడ్లు పొదిగించే హేచరీల కోసం ఈ నడక నడిచేవాళ్లు ఎక్కువగా ఆ చుట్టుపక్కల మత్స్యకారులు, యానాదులు. వాళ్ల పనితనం చూశాకే నాకు తరువాతి కథ అర్థమైంది. తల్లి తాబేలు ఇసుకలో చిన్న ట్రాక్టరు పోయినట్టు రెండు వరసల జాడ వదిలి వెళుతుంది. ఆ జాడ ఎక్కడ చెదిరిందో అక్కడ గుంత ఉంటుంది. గుంత తీరు కుండలాంటిది. మెడ సన్నం, పొట్ట వెడల్పు, లోతు ఒకటిన్నర అడుగు. అందులో వందకు అటూ ఇటూగా గుడ్లుంటాయి. కుక్కలూ నక్కలూ రాకముందే వాటిని తీసి, కంచె వేసిన హేచరీలో చేత్తో అలాంటి కుండ ఆకారంలోనే మళ్లీ గుంత తవ్వి పాతిపెట్టాలి.

"తొందరగా తియ్యాలి బాబూ, కానీ తొందరపడకూడదు" అన్నాడు అక్కడ పనిచేసే పెద్దాయన.

"అదేంటి బాబాయ్?" అన్నాను.

"పొద్దెక్కిందంటే లోపల పిల్ల గుడ్డు గోడకు అంటుకుంటది. అప్పుడు దొర్లిస్తే చచ్చిపోద్ది. ఏ పక్క పైకుంటే ఆ పక్కే పైకుండాలి."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. గుడ్డు పెట్టిన కొన్ని గంటల్లోనే పిండం పైపెంకుకు అతుక్కుంటుంది. ఆ తరువాత తిప్పితే ఆ అతుకు తెగిపోతుంది. 45 నుంచి 60 రోజుల పాటు ఇసుక వేడిలో ఆ గుడ్లు పొదుగుతాయి. ఆ వేడే ఆడో మగో నిర్ణయిస్తుంది. ఇసుక ఎక్కువ వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. అందుకే హేచరీలో గుంత ఎంత లోతు, నీడ ఎంత అన్న లెక్క కూడా చిన్నది కాదు.

మార్చి నుంచి మే దాకా పిల్లలు బయటికొస్తాయి. ఒక్కొక్కటి 4 సెంటీమీటర్ల పొడవు, 20 గ్రాముల లోపు బరువు. అరచేతిలో పెడితే తెడ్లలాంటి కాళ్లతో గాలినే ఈదుతుంది. ఒడ్డున వదిలితే వెలుతురున్న వైపు, అంటే సముద్రం వైపు పాక్కుంటూ పోతుంది. నీళ్లు తాకగానే ఒక ఉన్మాదం పట్టినట్టు ఒక పగలూ రాత్రీ ఆగకుండా ఈదుతుంది. ఆ తరువాత మనకు కనబడదు. ఆడపిల్ల అయితే, బతికి బట్టకడితే, పదీ పదిహేనేళ్ల తరువాత గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతుంది.

ఈ మధ్యకాలానికి పేరు పెట్టినవాడు ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్చీ కార్. సముద్ర తాబేళ్ల అధ్యయనానికి పెద్దదిక్కు ఆయన. ఈ కాలాన్ని ఆయన 'కనబడకుండా పోయిన ఏడాది' అన్నాడు. అది ఒక ఏడాది కాదనీ, చాలా ఏళ్లనీ తరువాత తేలింది. అప్పటినుంచి 'తప్పిపోయిన ఏళ్లు' అన్న మాటే స్థిరపడింది. అట్లాంటిక్‌లో తేలాడే సర్గాసం అనే నాచు తెప్పల్లో ఈ పిల్లలు తలదాచుకుంటాయని ఆయన ఊహించాడు. అవి ప్రవాహాలతో పాటు కొట్టుకుపోతాయన్నదే అప్పటి నమ్మకం. ఆ పిల్లల వెంట వెళ్లే దారి ఆయన కాలంలో లేదు. 1987లో ఆయన పోయాడు.

వెంట వెళ్లడం ఎందుకంత కష్టం? పెద్ద తాబేలుకు ట్రాన్స్‌మిటర్ పెట్టడం ఎప్పటినుంచో ఉంది. 2001లో ఒడిశాలోని దేవి నదీముఖం దగ్గర వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్లు నాలుగు ఆలివ్ రిడ్లీ తల్లులకు అలాంటి పరికరాలు అతికించారు. పెద్దదాని చిప్ప గట్టిగా ఉంటుంది, పెరుగుదల దాదాపు ఆగిపోయి ఉంటుంది. ఎపాక్సీతో అతికిస్తే నెలల తరబడి నిలుస్తుంది. పిల్లది అలా కాదు. అది వారం వారం పెరుగుతుంది. చిప్ప మీది పలకలు కొత్తవి వస్తుంటే పాతవి పొరలుగా ఊడుతుంటాయి. గట్టి జిగురు పోస్తే పెరిగే చిప్పను పట్టి బిగిస్తుంది, పిల్ల వంకర తిరిగి పెరుగుతుంది. పట్టీ కడితే ఎదిగే ఒంటిని కోస్తుంది. మెత్తటి జిగురు పోస్తే పలకతో పాటు ఊడొస్తుంది. బరువు సంగతి సరేసరి. పిల్ల బరువులో ఇరవయ్యో వంతుకు మించి మోయించకూడదన్నది ఈ పనిలో పాటించే కట్టుబాటు.

కేట్ మాన్స్‌ఫీల్డ్, జెనెట్ వైనెకెన్ అనే తాబేళ్ల పరిశోధకులు, వాళ్ల సహచరులు ఫ్లోరిడాలో ఈ ముడి విప్పడానికి కూర్చున్నారు. ఒక్కో పద్ధతినీ ప్రయోగశాలలో పెంచిన లాగర్‌హెడ్ అనే జాతి సముద్ర తాబేలు పిల్లల మీద పరీక్షించారు. పిల్ల ఎలా పెరుగుతోంది, ఎలా ఈదుతోంది, అతుకు ఎన్నాళ్లు నిలిచింది అని కొలుస్తూ పోయారు. పలకలు ఊడటం మూలంగా జిగురు ఏదీ సరిగ్గా నిలవడం లేదు. అప్పుడు జట్టులో ఒకరికి తట్టింది. తాబేలు చిప్ప పైపొర కెరాటిన్. మన గోరూ కెరాటినే. మరి గోళ్ల మీద రంగూ అక్రిలిక్కూ వారాల తరబడి నిలబెట్టేవాళ్లు ఊళ్లో ఉన్నారు కదా! గోళ్లు దిద్దే ఆమెను అడిగారు. ఆమె చెప్పిన కిటుకు, ముందుగా గోటికి వేసే అక్రిలిక్ పూతను పునాదిగా వెయ్యడం. ఆ పూత వేసేసరికి పలక ఊడటం నెమ్మదించింది.

ఈ ఒక్క సంగతి కోసమే నేను ఈ పనిని మళ్లీ మళ్లీ చదువుతాను. ప్రయోగశాలలో తేలని చిక్కుకు విరుగుడు ఒక గోళ్ల దుకాణంలో, రోజూ ఆ పదార్థాన్ని ముట్టుకునే చేతుల దగ్గర ఉంది. అడగాలని తట్టిన వాళ్ల బుద్ధినీ, చెప్పగలిగిన ఆమె అనుభవాన్నీ సమానంగా గౌరవించాలి. నాగాయలంక పెద్దాయన గుడ్డు తిప్పకూడదని చెప్పిన తీరు నాకు ఇక్కడే గుర్తొస్తుంది.

పూత మీద ఏం చేశారో చూడండి. లాగర్‌హెడ్ పిల్ల వీపు చదునుగా ఉండదు. వెన్ను పొడుగునా ముళ్లముళ్లగా ఒక గట్టు ఉంటుంది. దాని మీద పరికరం కుదురుగా కూర్చోదు. అందుకని నియోప్రీన్ ముక్కల్ని ఆ గట్టుకు అటూ ఇటూ సరిపోయేలా కత్తిరించి పరిచి, పీఠం లాగా చదును చేశారు. నియోప్రీన్ సాగుతుంది. చిప్ప పెరిగితే దానితో పాటు అదీ సాగుతుంది. దాని మీద సిలికోన్‌తో ట్రాన్స్‌మిటర్ను కూర్చోబెట్టారు. సిలికోన్ కూడా సాగే జిగురే. కిందనుంచి పైదాకా ఎక్కడా బిగింపు లేదు.

మనవాళ్లు పసిపిల్లకు మొలతాడు కట్టేటప్పుడు వేలు దూరేంత వదులు ఉంచుతారు. ఆ తరువాత నెలకో రెండు నెలలకో చూసి ముడి మారుస్తారు. ఇక్కడ ముడి మార్చడానికి ఎవరూ ఉండరు. పిల్ల నడిసముద్రంలో ఉంటుంది. కాబట్టి ముడి తనంతట తాను సడలాలి, సడలి సడలి ఒకనాడు ఊడిపోవాలి. పిల్లకు దెబ్బ తగలకుండా ఊడిపోవడం కూడా ఈ పనిలో భాగమే. ఒక వస్తువు ఎన్నేళ్లు మన్నిందన్నదే పనితనానికి కొలత అని మనం అనుకుంటాం. ఇక్కడ మాత్రం సరైన సమయానికి రాలిపోవడమే పనితనం. అంత సున్నితమైన లెక్క నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ఆ ట్రాన్స్‌మిటర్. అది మొదట పక్షుల కోసం తయారైంది. మీద చిన్న సౌర పలక ఉంటుంది. పిల్ల తాబేలు ఎక్కువగా నీటి పైపొరలోనే తిరుగుతుంది కాబట్టి ఎండ తగులుతుంది, బరువైన బ్యాటరీ అక్కర్లేదు. తప్పిపోయిన ఏళ్లలో పిల్లలు పైనే తేలుతుంటాయన్న ఊహ నిజమో కాదో కూడా దీనితోనే తేలింది. అవి పైన లేకపోతే పలకకు ఎండ అందేది కాదు, సంకేతం వచ్చేది కాదు. అది కొన్ని గంటలు పలికి, ఆ తరువాత చాలాసేపు మౌనంగా ఉండి శక్తి కూడగట్టుకుంటుంది.

పలికిన మాటను వినేది ఆర్గోస్ అనే వ్యవస్థ. 1978 నుంచి పనిచేస్తోంది. ఉపగ్రహానికి తాబేలు ఎక్కడుందో ఎలా తెలుస్తుందంటే, బందరు రోడ్డు పక్కన నిలబడి ఆర్టీసీ బస్సు హారన్ విన్నవాళ్లందరికీ తెలిసిన సంగతే. బస్సు దగ్గరికొస్తుంటే హారన్ సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినబడుతుంది. ఉపగ్రహం తల మీదుగా పోతుంటే తాబేలు పంపే సంకేతం స్వరం కూడా అలాగే మారుతుంది. ఎంత మారింది, ఎప్పుడు మారింది అన్న లెక్క నుంచి చోటు తేలుస్తారు. ఒక్కో లెక్క వందల మీటర్లు, ఒక్కోసారి కిలోమీటర్లు అటూ ఇటూ పోతుంది. నడిసముద్రంలో అది చాలు.

ఈ వినికిడిలో మన తీరానికీ వాటా ఉంది. ఆర్గోస్ పరికరాన్ని మోసే ఉపగ్రహాల్లో ఒకటైన సరళ్ 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచే లేచింది. భారత్, ఫ్రాన్స్ కలిసి చేసిన ఉపగ్రహం అది. 2022 నవంబరు 26న ఎగిరిన ఓషన్‌శాట్-3 మీద కూడా ఆర్గోస్ పరికరం ఉంది. శ్రీహరికోట ఇసుకలోనూ ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెడతాయి. తాబేలు పిల్లా, తాబేలు మాట వినే చెవీ ఒకే దీవి నుంచి బయలుదేరాయన్నమాట.

మాన్స్‌ఫీల్డ్ జట్టు 17 లాగర్‌హెడ్ పిల్లల్ని గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహంలో వదిలింది. మూడున్నర నుంచి తొమ్మిది నెలల వయసువి, 11 నుంచి 18 సెంటీమీటర్ల పొడవువి. అతుకులు 27 రోజుల నుంచి 220 రోజుల దాకా నిలిచాయి. ఒక్కో పిల్ల 200 నుంచి 4,300 కిలోమీటర్ల దాకా తిరిగింది. 2014లో రాయల్ సొసైటీ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. సంప్రదాయంగా అనుకున్నది, పిల్లలు అట్లాంటిక్ చుట్టూ తిరిగే పెద్ద ప్రవాహపు అంచు పట్టుకుని తూర్పుకు పోతాయని. కొన్ని ఆ దారి వదిలేసి, ప్రవాహాల నడిమధ్య కదలిక తక్కువగా ఉండే సర్గాసో సముద్రంలోకి తిరిగాయి.

పరికరంలో ఉష్ణోగ్రత కొలిచే ముల్లు కూడా ఉంది. అది పంపిన అంకెలు, చుట్టుపక్కల నీటికి ఉండాల్సిన వేడి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా వచ్చాయి. సర్గాసం నాచు తెప్ప ఎండ పట్టి వెచ్చగా ఉంటుంది. చలినెత్తురు ప్రాణికి వెచ్చదనమంటే ఆకలి, అరుగుదల, ఎదుగుదల. నాచు పిల్లకు దాక్కోవడానికి చాటు ఇస్తుంది, తిండి పెడుతుంది, పొదుగుతుంది కూడా. కార్ ఊహకు అలా బలం చేకూరింది.

కొట్టుకుపోవడం గురించిన నమ్మకం మాత్రం నిలబడలేదు. దాన్ని తేల్చిన తీరు కూడా ముచ్చటైనది. నేథన్ పుట్‌మన్, మాన్స్‌ఫీల్డ్ కలిసి మెక్సికో సింధుశాఖలో 44 పిల్లల్ని, పచ్చ తాబేళ్లనీ కెంప్స్ రిడ్లీలనీ, పట్టి పరికరాలు పెట్టి వదిలారు. వాటి పక్కనే ఈత రాని తేలుడు పరికరాల్ని నీళ్లలో వేశారు. ప్రవాహమే తీసుకుపోతే తాబేలూ తేలుడూ ఒకే దారిన పోవాలి. దారులు విడిపోయాయి. అంటే పిల్ల ఈదుతోంది, ఎటు పోవాలో దానికో ఉద్దేశం ఉంది. 2015లో వచ్చిన ఈ పని నాకు తూకం వెయ్యడంలా కనిపిస్తుంది. ఒక పళ్లెంలో ప్రాణం, ఇంకో పళ్లెంలో ప్రాణం లేని తేలుడు పరికరం. తేడా ఎంతో అదే ప్రాణం చేసిన పని.

2025లో ఇంకో అధ్యయనం వచ్చింది. కట్రీనా ఫిలిప్స్, మాన్స్‌ఫీల్డ్ తదితరులు 2011 నుంచి 2022 దాకా మెక్సికో సింధుశాఖలో 114 పిల్ల తాబేళ్లను వెంబడించారు. ఇవీ ప్రయోగశాలలో పెరిగినవి కావు, సముద్రంలోనే పెరిగినవి. పడవలో పోయి, నాచు తెప్పల్లో కళ్లు చించుకుని వెతికి, చేతివలతో పైకెత్తి, పరికరం అతికించి, మళ్లీ అక్కడే వదిలారు. పదకొండేళ్లకు 114. ఆ అంకెను కాసేపు తూచి చూడండి. ఎన్ని రోజులు పడవలో ఖాళీ చేతులతో తిరిగొచ్చి ఉంటారో! ఈ పిల్లలు లోతు సముద్రానికీ, తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లకీ మధ్య అటూ ఇటూ తిరుగుతుంటాయని ఆ పనిలో తేలింది.

ఆ 114లో కెంప్స్ రిడ్లీలు కూడా ఉన్నాయి. మన ఆలివ్ రిడ్లీకి అవి దాయాదులు. ఈ భూమ్మీద ఆ ప్రజాతిలో ఉన్నవి ఈ రెండే. అందుకే అక్కడి ఫలితాలు చదివేటప్పుడు నా కళ్లు నాగాయలంక మీదికి పోతాయి.

మన పిల్లలు దిగే నీళ్లు వేరు. ఫిబ్రవరి నుంచి మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో బలంగా ఉంటుంది. వర్షాకాలం పోయాక తిరగబడి దక్షిణానికి పారుతుంది. దివిసీమలో వేసవి మొదట్లో నీళ్లు తాకిన పిల్లకు ఎదురొచ్చేది ఉత్తరపు ప్రవాహం. అట్లాంటిక్‌లో లాంటి సర్గాసో సముద్రం బంగాళాఖాతంలో లేదు. తేలే దుంగలూ, వరదకు కొట్టుకొచ్చిన చెత్తాచెదారం, రెండు నీళ్లు కలిసే చోట గీతలాగా పేరుకునే నురుగూ ఉంటాయి. ఆ గీతల దగ్గరే ప్లాస్టిక్ కూడా పోగవుతుంది. కంకిపాడు కాలవలో పడేసిన సంచి బందరు దాటి పోయేది ఆ పిల్ల తిండి వెతుక్కునే చోటుకే.

మన పిల్లల వెంట వెళ్దామంటే, 20 గ్రాముల లోపు పిల్ల మీద తొమ్మిదిన్నర గ్రాములు పెట్టలేం. అప్పుడే పుట్టిన పిల్లల కోసం శబ్ద సంకేతాలిచ్చే అతి చిన్న పరికరాలున్నాయి. 2014లో అచ్చయిన ఒక అధ్యయనంలో కేప్ వెర్డీ దీవుల్లో 11 పిల్లలకు వాటిని కట్టి, పడవలో గంటల తరబడి వెంట వెళ్లి విన్నారు. అంతకు మించి తెలుసుకోవాలంటే పిల్లను కొన్ని నెలలు పెంచి, ఫ్లోరిడాలో చేసినట్టు అక్రిలిక్ పూత నుంచి మొదలుపెట్టాలి. గుడ్డు తిప్పకుండా ఎత్తగల చేతులు నాగాయలంకలో ఉన్నాయి. సముద్ర ప్రవాహాల లెక్కలు కట్టే ఇన్‌కాయిస్ హైదరాబాదులో ఉంది. చెవి శ్రీహరికోట నుంచి పైకి వెళ్లింది. ఈ మూడింటినీ ఒక చోట కూర్చి, కృష్ణా తీరపు పిల్లల వెంట మనవాళ్లే వెళ్లే పని పట్టాలని నా గట్టి కోరిక.

అందాకా ఒడ్డున ఉన్నవాళ్లు చెయ్యగల పని ఒకటుంది. ఒడిశా తీరంలో జువాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు పెద్ద తాబేళ్ల తెడ్డుకాళ్లకు నంబరున్న లోహపు బిళ్లలు వేస్తున్నారు. 2021లో అలా 03233 నంబరు బిళ్ల పడిన తల్లి తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనబడింది. మధ్యలో సుమారు 3,500 కిలోమీటర్లు. తూర్పు తీరపు తాబేలు పడమటి తీరంలో గుడ్లు పెడుతుందని తెలిసింది ఆ రాత్రి ఎవరో ఒకరు నంబరు చదివి రాసుకున్నందువల్లే. బందరులోనో, హంసలదీవిలోనో, సూర్యలంకలోనో మీకు బిళ్ల ఉన్న తాబేలు ఎదురైతే, బతికున్నదైనా చచ్చిపోయినదైనా, బిళ్ల పీకకండి. నంబరూ, చోటూ, తేదీ రాసుకుని దగ్గరలోని అటవీశాఖ వాళ్లకు చెప్పండి.